మన సీమ గుహలో ఖడ్గమృగమా?

మన విడపనకల్లుకి సముద్రం చాలా దూరం కదా. కానీ బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలున్న సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదే. తర్వాత నీళ్లు ఆ రాయిని కరిగించి గుహలు చేశాయి.

1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. అందులో ఖడ్గమృగానివీ ఉన్నాయి! 1886లో లిడెకర్ దానికి మన కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్.

ఖడ్గమృగానికి గడ్డి, నీళ్లు బాగా కావాలి. అంటే సీమ ఎప్పుడూ ఇట్లా ఎండిపోయి లేదని నాకనిపిస్తుంది.

ఏ ఎముక ఏ మట్టిపొరలో ఉందో చూసే కాలం లెక్కగడతారు. గుప్తనిధులంటూ ఎవరైనా గుంత తవ్వితే పొరలు కలిసిపోతాయి, ఆ లెక్క మళ్లీ దొరకదు. అందుకే వెళ్తే ఫొటోలు తీసుకోండి, మట్టి మాత్రం కదిలించొద్దు.