ఆ కన్నీరు ఏడుపు కాదు

ఫిబ్రవరి అర్ధరాత్రి, సూర్యలంక తీరం. టార్చి ఆర్పేసి ఇసుకలో బోర్లా పడుకున్నాను. నాలుగు బారల దూరంలో ఆలివ్ రిడ్లీ తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తీస్తోంది. ఒక కాలు ఇసుక తోడి పక్కన పోస్తే, రెండోది వంతు అందుకుంటుంది. మూరెడు లోతు, అడుగున కుండలా గుండ్రం. అందులోకి మెత్తని తెల్లటి గుడ్లు, వంద దాకా. కంటి నుంచి నీరు కారుతోంది. ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పును అలా బయటికి పంపుతుంది.

గొయ్యి పూడ్చి, పొట్టతో దబదబా చరిచి వెళ్లిపోయింది. దాదాపు 50 రోజులకు పిల్లలు. ఇసుక బాగా వేడెక్కితే ఎక్కువగా ఆడవే. నీటి మీది వెలుగు చూసి పరిగెత్తే ఆ పిల్లల్ని ఒడ్డునున్న దీపాలు రోడ్డు మీదికి లాగేస్తాయి.

పొద్దున్నే ఇంకో తల్లి కళేబరం కనిపించింది. పైకి గాయం లేదు. తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలకు తాబేలు తప్పించుకునే కిటికీ కట్టొచ్చు. కొంత చేప జారిపోతుందని బోటువాళ్ల బాధ. ఆ నష్టం వాళ్లొక్కరి నెత్తినే వేయడం అన్యాయం.

తాబేళ్లు మిగిలితే తీరానికీ మేలే. పిల్లలు రాని గుడ్లు, పెంకులు తిన్నెల మీది తీగలకు ఎరువు. ఆ తీగలే ఇసుకను పట్టి ఉంచుతాయి.