తాతయ్య బండి ఇంజనుకు కొత్త రంగు

పిల్లలూ! మీ ఇంట్లో గాని, మీ వీధిలో ఎవరి ఇంటి వసారాలో గాని ఒక పాత మోటారుసైకిలు ఉండే ఉంటుంది. దానిమీద గోనెపట్టా కప్పి, గోడవారగా నిలబెట్టి ఉంచుతారు. ఒకప్పుడు అది దేవరకొండ సంతకూ, నల్లగొండ ఆసుపత్రికీ, మిర్యాలగూడ పెళ్ళిళ్ళకూ పరుగులు తీసిన బండే. ఇప్పుడు పట్టా తీసి చూస్తే, ఇంజను మీద దుమ్మూ నూనే కలిసి పెచ్చు కట్టి ఉంటాయి. సిలిండరు మీది నల్లరంగు ఊడిపోయి ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. మన వైపు దాన్ని జంగు అంటాము. అది చూసి నాన్న, "ఇక దీన్ని పాత ఇనుపసామాను వాళ్ళకు ఇచ్చేద్దాం," అంటాడు. తాతయ్య ఏమీ అనడు. బండి వంక ఒకసారి చూసి ఊరుకుంటాడు.

ఇచ్చివేయడానికి ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. పాడైనది ఇంజనా, లేక ఇంజను పైనున్న రంగు మాత్రమేనా? ఈ రెండూ ఒకటి కావు. రంగు పోయినంత మాత్రాన ఇంజను చచ్చిపోయినట్టు కాదు. అలాగే రంగు వేసినంత మాత్రాన చచ్చిన ఇంజను లేచి కూర్చోదు. అందుచేత ముందుగా బండిని తెలిసిన మెకానిక్‌కు చూపించండి. ఇంజను తిరుగుతున్నదా? ఎక్కడనుంచైనా నూనె కారుతున్నదా? సైలెన్సరునుంచి నీలిపొగ వస్తున్నదా? ఈ జబ్బులకు ముందు మందు వేయించాలి. నూనె కారే చోట రంగు వేస్తే అది నిలవదు సరిగదా, కారుతున్న జాడ కూడా కొన్నాళ్ళు దాగిపోయి జబ్బు ముదురుతుంది.

మన వైపు ఇళ్ళలో కనిపించే పాత బళ్ళలో బుల్లెట్టు ఒకటి. దాని కథ కొంచెం తెలుసుకోండి. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ ఉండేది. 1955లో ఆ కంపెనీ మద్రాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా అనే సంస్థను పెట్టింది. మొదట్లో ఇంగ్లండునుంచి భాగాలు వస్తే మద్రాసులో వాటిని జోడించేవారు. తరువాత భాగాలు కూడా మనదేశంలోనే తయారుచేయసాగారు. విచిత్రమేమంటే, రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970లో ఇంగ్లండులో ఆ బళ్ళ తయారీ ఆగిపోయింది. కాని మన దగ్గర మాత్రం ఆగలేదు. మైసూరులో 1961నుంచి తయారైన జావా, పోలండు దేశపు నమూనా ననుసరించి చేసిన రాజదూత్ కూడా ఆ కాలపు బళ్ళే.

పాత బుల్లెట్టు 350 సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టను 90 మిల్లీమీటర్లు పైకీ కిందికీ నడుస్తుంది. స్థూపం ఘనపరిమాణం కట్టే సూత్రం మీకు బడిలో చెప్పి ఉంటారు. లెక్క వేసి చూడండి: 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. పెద్ద లోటా పట్టేంత ఆ చోటులోనే పెట్రోలు ఆవిరి మండి, ముగ్గురు మనుషులున్న బండిని కూడా లాగుతుంది!

పెట్రోలు మండినప్పుడు లోపల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి అల్యూమినియంతో చేసిన పిస్టను ఎందుకు కరగదు? ఆ మంట క్షణంలో వెయ్యో వంతులతో లెక్కించేంత కొద్దిసేపే ఉంటుంది. పైగా లోహానికి తగిలిన వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతూ ఉంటుంది. పెట్రోలులోని శక్తిలో ఇటువంటి ఇంజను సుమారు నాలుగో వంతును మాత్రమే పనిగా మారుస్తుంది. మిగిలినదంతా వేడిగా పోవలసిందే. కొంత పొగతో పోతుంది, కొంత సిలిండరు గోడలగుండా పోతుంది.

వేడివేడి జొన్న గటుకను అమ్మ ముద్దగా పెడితే మీరేం చేస్తారు? పళ్ళెం నిండా పలచగా పరుస్తారు. గాలి తగిలే చోటు ఎక్కువైనకొద్దీ త్వరగా చల్లారుతుంది. సిలిండరు చుట్టూ పలకలు పలకలుగా ఉండే రెక్కల రహస్యం ఇదే. బండి పరుగెత్తుతుంటే వాటి సందుల్లోనుంచి గాలి దూసుకుపోయి వేడిని మోసుకుపోతుంది. ఆ సందులు దుమ్ముతో పూడిపోతే ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పాలమూరు చెల్క నేలల దుబ్బలో తిరిగే బళ్ళకు ఈ బెడద మరీ ఎక్కువ.

ఇప్పుడు రంగు సంగతికి వద్దాం. పాత బుల్లెట్టు సిలిండరు పోత ఇనుముతో చేసినది. ఇనుముకు గాలిలోని ఆక్సిజనూ, తేమా తోడైతే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుచేత పొరలు పొరలుగా ఊడి, లోపలి ఇనుమును మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. అల్యూమినియం తీరు వేరు. గాలి తగలగానే దానిమీద కంటికి కనిపించనంత పలచని పొర ఒకటి ఏర్పడి, లోపలి లోహాన్ని తానే కాపాడుతుంది. అందుకే సిలిండరుకు రంగు తప్పనిసరి. కింది అల్యూమినియం పెట్టెను శుభ్రం చేసి వదిలేసినా నష్టం లేదు.

సిలిండరుకు నల్లరంగే ఎందుకు? 1804లో జాన్ లెస్లీ అనే శాస్త్రజ్ఞుడు ఒక తమాషా ప్రయోగం చేశాడు. ఒక లోహపు పెట్టెకు ఒక్కొక్క ముఖం ఒక్కొక్క రకంగా ఉండేటట్లు చేసి, అందులో వేడినీళ్ళు పోశాడు. నల్లని ముఖం బాగా వేడిని వెదజల్లింది, మెరిసే లోహపు ముఖం చాలా తక్కువ వెదజల్లింది. మీరు కూడా ఇది చేసి చూడవచ్చు. ఒకే కొలత గల రెండు రేకు డబ్బాలు తీసుకుని, ఒకదాని బయటివైపు మెరుపులేని నల్లరంగు పూయండి. రెండింటిలో ఒకే కొలతగా వేడినీళ్ళు అమ్మ చేత పోయించి మూతలు పెట్టండి. 5 నిమిషాల కొకసారి ఉష్ణమాపకంతో చూసి కాగితం మీద రాయండి. ఏది ముందు చల్లారిందో మీకే తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. రంగు మంచిదని మందంగా పూస్తే అదే దుప్పటి అవుతుంది. ఇనుముతో పోలిస్తే రంగు వేడిని బాగా ప్రసరించనీయదు. పూత పలచగా ఉంటేనే మేలు. తలుపులకు వేసే ఎనామెల్ రంగు అసలే పనికిరాదు. అది ఇంజను వేడికి రంగు మారి, పొంగి, పొట్టు రాలుతుంది. వేడిని తట్టుకునే సిలికోను రంగులని వేరే దొరుకుతాయి. డబ్బా మీద ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో రాసి ఉంటుంది. అది చూసి కొనాలి.

ఇక పని మొదలుపెడదాం. రంగు చల్లడం, మందులు వాడడం పెద్దవాళ్ళ పని. మీరు పక్కన ఉండి చేయదగినవి కూడా చాలా ఉన్నాయి.

మొదటిది, రోజు ఎంచుకోవడం. ఎండాకాలం మన దగ్గర 45 డిగ్రీల దాకా కాస్తుంది. కాలిన ఇనుము మీద చల్లిన రంగు అంటుకోకముందే ఆరి ఇసుకలాగా రాలుతుంది. వానాకాలం తేమ ఉంటుంది. సంక్రాంతి వెళ్ళిన తరువాత, మంచు విడిచిన పొద్దుటిపూట, గాలి లేనప్పుడు మంచిది. తలుపులు తెరిచిన వసారాలో చేయాలి. మూసిన గదిలో కూడదు. పొయ్యి, బీడీ, అగరువత్తి ఏదీ దగ్గర ఉండకూడదు. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టించండి, బ్యాటరీ తీగ ఊడదీయించండి.

రెండవది, కడగడం. పూర్వం కళాయి పోసేవారు గిన్నెను తళతళలాడేదాకా తోమి, నవాసాగరం చల్లి, అప్పుడే తగరం పూసేవారు. జిడ్డు ఉంటే తగరం పట్టదు, రంగూ పట్టదు. ఇంజను పూర్తిగా చల్లారాక కిరసనాయిలు గాని (మన పెద్దలు గ్యాసునూనె అంటారు), బళ్ళ దుకాణంలో దొరికే జిడ్డుమందు గాని కుంచెతో పూసి, రెక్కల సందుల్లో పాత పళ్ళబ్రష్షుతో రుద్దాలి. కాస్టిక్ సోడా మాత్రం వాడవద్దు. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. తరువాత సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే గుడ్డతో తుడవాలి. మన బోరునీళ్ళలో లవణాలు ఎక్కువ. వాటంతట అవే ఆరితే తెల్లమచ్చలు మిగులుతాయి.

మూడవది, తుప్పు తీయడం. తీగబ్రష్షుతో, ఆ తరువాత సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అది ఒంట్లోకి పోతే పిల్లల మెదడుకు హాని. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని ప్రభుత్వం 2016లో నియమం చేసింది. కాని పాత బండి రంగు అంతకన్నా పాతది గదా! కాబట్టి కాగితాన్ని తడిపి రుద్దాలి, దుమ్ము లేవనీయరాదు. ఈ పని జరిగేటప్పుడు మీరు దూరంగా ఉండండి. పెద్దవాళ్ళు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి.

నాలుగవది, కప్పడం. ఇది మీ పనే! భూదాన్ పోచంపల్లిలో చీరల నూలుకు రంగు వేయడం చూశారా? ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ నూలును సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టు విప్పితే లోపలి తెలుపు అలాగే ఉంటుంది. ఇక్కడా అంతే. స్పార్కు ప్లగ్గును, కార్బురేటరును, రబ్బరు గొట్టాలను, తీగలను, చక్రాలను కాగితంతో చుట్టి, మాస్కింగ్ టేపు అంటించాలి. తొందరపడి ఒక్క మూల వదిలినా రంగు అక్కడే దూరుతుంది. ముఖ్యంగా ఇంజను నంబరు! అది లోహం మీద చెక్కి ఉంటుంది. ఆర్.సి. పుస్తకంలో ఉన్నదీ, బండి మీద ఉన్నదీ అధికారులు సరిచూస్తారు. దాన్ని రుద్దకూడదు, రంగుతో పూడ్చకూడదు. ముందే టేపు అంటించి భద్రం చేయండి.

అయిదవది, రంగు చల్లడం. డబ్బాను బాగా కుదిపి, జానెడున్నర దూరంనుంచి, చెయ్యి ఆగకుండా అటూ ఇటూ కదుపుతూ చల్లాలి. మొదటి పూతకు ఇనుము ఇంకా కొంచెం కనిపిస్తుంటే భయపడకండి. అది ఆరాక రెండవది, ఆపైన మూడవది. మూడు పలచని పూతలు ఒక మందపాటి పూతకన్నా గట్టివి. ఒక పూతకూ మరొక పూతకూ మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది. గడియారం పట్టుకుని ఆ సమయం చెప్పడం మీ వంతు.

ఆరవది, కాల్చడం. కుమ్మరి కుండలాగే ఈ రంగు కూడా వేడి తగిలితేనే గట్టిపడుతుంది. టేపులన్నీ తీసి, అన్నీ బిగించి, రంగు పూర్తిగా ఆరిన మర్నాడు ఇంజనును ఆరుబయట కొన్ని నిమిషాలు నడిపి ఆపాలి. చల్లారాక మళ్ళీ మరికొంచెంసేపు నడపాలి. మొదట కొంచెం పొగ వాసన వస్తుంది. ఇంటిలోపల మాత్రం ఎన్నడూ ఇంజను నడపరాదు. పొగలో కార్బన్ మొనాక్సైడు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మనిషి ప్రాణం తీస్తుంది.

ఇంత పనీ అయిన తరువాత ఇంజను కొత్తదానిలా కనిపిస్తుంది. కనిపించడమే గాని, కొత్తది కాలేదని మరిచిపోకండి. పిస్టను అరుగుదల అలాగే ఉంటుంది. ఎప్పుడైనా బండి అమ్మవలసి వస్తే, "రంగు మేమే వేశాము, లోపలి పని ఇంతవరకు చేయించాము, ఇది చేయించలేదు," అని కొనేవాళ్ళకు చెప్పాలని నాన్నతో అనండి. అరిగిన ఇంజనుకు రంగు పూసి మంచిదని చెబితే, అది ఎదుటివాణ్ణి మోసం చేయడమే.

అన్నీ కుదిరాక తాతయ్యను పిలిచి, కిక్కు కొట్టమనండి. కాలు నొప్పి అంటే నాన్న కొడతాడు, తాతయ్య పక్కన నిలబడి వింటాడు. ఇంజను పలికిన శబ్దం సరిగా ఉన్నదో లేదో మన అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ తరువాత బండిని అమ్మాలో ఉంచాలో ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోవచ్చు. ఉంచుకుంటే మాత్రం నెల కొకసారి ఆ రెక్కల సందుల్లో దుమ్ము దులిపే పని మీదే సుమా!