కొద్దిగా మార్చి చూచుట

పాతబస్తీలోని కిషన్‌బాగ్ వంటి పేటలో దినకూలికి పోవువాడు దవాఖానాలో ఒక పూట నిలుచుండిన, నాటి కూలి పోయినట్లే. కనుక వరుస ఇంత పొడవుగా ఎందుకున్నదను ప్రశ్న అల్పమైనది కాదు. దానికి మనకు వెంటనే తోచు సమాధానములు పెద్దవి: కొత్త భవనము, మరి నలుగురు వైద్యులు. అవి కావలసినవే కావచ్చును. కాని అవి వచ్చులోపల చేయదగిన దేమియు లేదా?

కలదు. ఒక చిన్న మార్పును ఒక చోట కొద్దికాలము చేసి, ఫలితమును కొలిచి, పిమ్మట నిర్ణయించుట. అమెరికా గణాంకవేత్త వాల్టర్ షూహార్ట్ 1939లో ప్రచురించిన గ్రంథమున ఈ భావమునకు రూపమిచ్చెను. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ జపాను పారిశ్రామికులకు ఇట్టి మార్గమునే బోధించెను. నేడది నాలుగు మెట్లుగా ప్రసిద్ధము: తలపెట్టుట, చేసి చూచుట, ఫలితమును పరిశీలించుట, మార్పును నిలుపుకొనుటయో విడుచుటయో తేల్చుకొనుట.

మేమొక ఊహాచిత్రమును మీ ముందుంచెదము. ఒక దవాఖానాలో మందులిచ్చు కిటికీకడ రద్దీ ఎక్కువ. మధుమేహమునకు, రక్తపు పోటుకు నెలనెలా మందు తీసికొనువారికి వేరొక వేళ ఏర్పరచిన నెట్లుండును? ముందుగా నాలుగు మంగళవారములు, ప్రతి పదవ మనిషి వచ్చిన వేళయు వెళ్ళిన వేళయు వ్రాసికొనవలెను. తరువాతి నాలుగు మంగళవారములు మార్పు చేసి, అట్లే వ్రాయవలెను. సోమవారపు రద్దీని మంగళవారముతో పోల్చిన లెక్క తప్పును. ఒకరి నిరీక్షణ తగ్గి మరియొకరిది పెరిగెనా అనియు చూడవలెను. మార్పు బెడిసిన, ఆపివేయుట సులభము, పోయినది స్వల్పమే.

ఇది మన గడ్డమీద పెద్దయెత్తున ఋజువైన సంగతియే. 2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పథకము క్రింద ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున రైతులకు చెక్కులు పంచెను. అప్పుడు పరిశోధకులు లాటరీ పద్ధతిని కొన్ని మండలముల నెన్నుకొనిరి. రైతులకు టెలిఫోను చేసి చెక్కు అందినదా అని అడుగుదురనియు, దానినిబట్టి పని తీరును లెక్కింతురనియు అచ్చటి వ్యవసాయాధికారులకు ముందే తెలియజేసిరి. తక్కిన మండలములలో ఆ మాట చెప్పలేదు. చేసిన మార్పు ఇంతే. చెప్పిన మండలములలో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతము తగ్గెను. అదనముగా చేరిన ప్రతి రూపాయికి అయిన వ్యయము నాలుగు పైసలలోపే. తెలియజేయని మండలములు లేకున్న, ఈ మేలు టెలిఫోనువలన కలిగినదో, మరి దేనివలన కలిగినదో తేల్చుట సాధ్యము కాకుండెడిది.

ఇందు రెండు జాగ్రత్తలు కలవు. ఏ మార్పును ప్రయత్నింపవలెనో కిటికీ వెనుకనున్న గుమాస్తాను, వరుసలోని వృద్ధురాలిని మొదట అడుగవలెను. చిక్కెక్కడున్నదో వారికి తెలిసినంతగా పై యధికారికి తెలియదు. రెండవది, లెక్క మనకు నచ్చిన రీతిగా రాకున్నను దానిని దాచరాదు. పనికిరాదని తేలిన మార్పుకూడ, మరునాడు మరియొక దానిని ప్రయత్నించుటకు మనకు దారి చూపును.