నొప్పి యెఱుగని బిడ్డకు గ్రామమే కావలి

నొప్పి లేని బ్రతుకు అదృష్టమని లోకులు తలంతురు. కాని ముల్లు గ్రుచ్చుకొన్న కాలిని వెంటనే పైకెత్తించునది నొప్పియే. పొయ్యి కడ చేతిని వెనుకకు లాగించునదియు నొప్పియే. అట్లే వేసవిలో పొలమున పాటుపడు రైతు దేహమును చల్లబరచునది చెమట. ఈ రెండు కావళ్లును పుట్టుకతోనే కొరవడిన శిశువులు లోకమున అక్కడక్కడ జన్మించుచున్నారు. మిక్కిలి అరుదైన ఈ వంశపారంపర్య వ్యాధిని వైద్యులు సంక్షిప్తముగా ‘సిపా’ అని వ్యవహరింతురు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల పంచాయతీ సభ్యులు దీనిని గూర్చి తెలిసికొనవలయునని మేము కోరుటకు కారణములు రెండు. మొదటిది రామగుండము, మంచిర్యాల మొదలగు చోట్ల 45 డిగ్రీలను సైతము అందుకొను ఎండలు. రెండవది మనలో నేటికిని సాగుచున్న మేనరికపు వివాహములు.

వ్యాధికి మూలము

నొప్పి వార్తను మెదడునకు చేర్చు సన్నని నరములును, చెమట గ్రంథులకు ఆజ్ఞను కొనిపోవు నరములును బ్రతికి పెరుగుటకు దేహములో ఒక ద్రవ్యము అవసరము. అట్టి వృద్ధికారక ద్రవ్యములను కనుగొన్నందులకే రీటా లెవీ మొంతాల్చీని, స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞులకు 1986లో నోబెల్ బహుమానము లభించినది. తాళపుచెవికి తాళమున్నట్లు ఆ ద్రవ్యమును అందుకొనుటకు నరములపై ఒక గ్రాహకము కలదు. దానిని నిర్మించు జన్యువు పేరు ఎన్.టి.ఆర్.కె.1. ఈ జన్యువు చెడుటయే సిపాకు కారణమని 1996లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. జన్యువు చెడినచో ఆ నరములు నిలువవు. చర్మములో చెమట గ్రంథులు ఉండియు, ఆజ్ఞ అందక పనిచేయవు. స్పర్శ మాత్రము చాలవరకు నిలిచియుండును. తల్లి నిమిరినచో బిడ్డకు తెలియును. నిప్పు సోకినచో తెలియదు.

ఎట్లు సంక్రమించును?

ప్రతి జన్యువును మనకు తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వచ్చును. ఒక ప్రతి చెడి, రెండవది బాగున్నచో మనిషి ఆరోగ్యముగానే యుండును. దంపతులిరువురును అట్టి చెడిన ప్రతిని మోయువారైనచో, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు. బావమరదండ్రకు ఎనిమిదవ వంతు, మేనమామకు మేనకోడలికి నాలుగవ వంతు జన్యువులు సామాన్యముగా ఉమ్మడిగా నుండును. కనుకనే దగ్గరి చుట్టరికపు వివాహములలో చెడిన రెండు ప్రతులు ఒక బిడ్డలో కలియుట సులభమగుచున్నది. మేనరికపు సంతానములో అధికులు ఆరోగ్యవంతులే యన్నది నిజము. అయినను ఒక బిడ్డకు ఈ వ్యాధి వచ్చిన ఇంట, తిరిగి మేనరికము తలపెట్టుటకు ముందు వైద్యుని సలహా పొందుట వివేకము.

గుర్తింపవలసిన లక్షణములు

పసితనములోనే ఏ కారణమును కానరాక మాటిమాటికి తీవ్రజ్వరము వచ్చుట. ఎండలోను చర్మము పొడిగా నుండుట. టీకా వేసినపుడు ఏడవకుండుట. పండ్లు వచ్చిన పిమ్మట నాలుకను, పెదవులను, వ్రేళ్లను కొరికికొనుట. ఎముక విరిగినను నడచుచుండుట. బుద్ధివికాసము మందగించుటయు కలదు. అన్నింటిలోను ప్రాణాపాయకరమైనది దేహతాపము. చెమట పట్టని శిశువు వడగాలిలో అతిశీఘ్రముగా వేడెక్కును. మూర్ఛ వచ్చి మరణించుటయు సంభవించును.

దీనిని కుష్ఠుగా భ్రమింపరాదు. కుష్ఠు సూక్ష్మజీవులవలన కొంతకాలమునకు వచ్చు అంటువ్యాధి. సిపా పుట్టుకతో వచ్చును. ఒకరినుండి మరియొకరికి అంటదు. గాయములను చూచి తల్లిదండ్రులు బిడ్డను కొట్టిరని నిందించుటయు తగదు. ఇది పూర్వజన్మ పాపము కాదు, దైవమహిమయు కాదు. పాకిస్తానులో నొప్పి యెఱుగని ఒక బాలుడు నిప్పులపై నడచి, చేతులలో కత్తులు గ్రుచ్చుకొని వీధులలో ప్రదర్శనలిచ్చెడివాడు. పదునాలుగేండ్లు నిండకమునుపే ఇంటి కప్పుపైనుండి దూకి మరణించెను. అతని కుటుంబీకులలో దోషము వేరొక జన్యువునందు కలదనియు, వారికి చెమట పట్టుననియు 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. జన్యువు వేరైనను పాఠము ఒక్కటే: నొప్పి లేని బిడ్డ వినోదవస్తువు కాడు, రక్షింపదగినవాడు.

పంచాయతీ కర్తవ్యము

ఈ వ్యాధిని సమూలముగా మాన్పు మందు నేటికి లేదు. కాని జాగ్రత్త వహించినచో బిడ్డను కాపాడవచ్చును. వేసవిలో నీడన నుంచవలయును. తడిగుడ్డతో ఒడలు తుడుచుచు, తరచుగా నీరు త్రాగింపవలయును. జ్వరమని కంబళి కప్పుటయు, వాతలు పెట్టుటయు కూడదు. స్నానపు నీటి వేడిమిని పెద్దలు ముందుగా చూడవలయును. ప్రతిదినము రాత్రి అరికాళ్లు, నోరు, కన్నులు, కీళ్లు పరీక్షించి, వాపు గాని పుండు గాని కనబడినచో వెంటనే వైద్యునకు చూపవలయును. పండ్ల పదును తగ్గించుటకు దంతవైద్యుని సహాయము పొందవలయును.

సభ్యులు తమ వార్డులో ఇట్టి బిడ్డ యున్నచో ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినికి తెలుపవలయును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించును. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానము ననుసరించి హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రియు, సి.డి.ఎఫ్.డి. సంస్థయు కలిసి ప్రత్యేక కేంద్రముగా గుర్తింపబడినవి. జన్యుపరీక్షకును, మరల గర్భము ధరింపగోరు దంపతుల సలహాకును అచ్చటికి పంపవచ్చును. బడిలో ఆ బిడ్డకు చల్లని చోటును, త్రాగునీటిని ఏర్పరచి, మధ్యాహ్నపు టెండలో ఆటలకు పంపవలదని ఉపాధ్యాయులకు చెప్పుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు.

నొప్పి గలవాడు కేక వేసి సాయము కోరును. ఈ బిడ్డకు ఆ కేకయే లేదు. కనుక పిలువకమునుపే చూడవలసిన భారము ఇంటివారిపైనను, ఇరుగుపొరుగు వారిపైనను, పంచాయతీపైనను కలదు.