గింజ మన కొండది... పొడి మాత్రం ఎక్కడిదో!

ఏజెన్సీ కాఫీకి దేశవిదేశాల్లో పేరు - కింద ఊళ్లలో ఇంకా రంగు నీళ్లే - ఫిల్టరు పెట్టడంలో మెళకువలు

కోడి కూసే వేళకు మైదాన ప్రాంతపు ఇళ్లలో పొయ్యి మీదికి మొదట ఎక్కేది కాఫీకి నీళ్లు. పొలానికి వెళ్లే మగవాడైనా, బడికి వెళ్లే పంతులైనా ఆ గ్లాసు పడందే గుమ్మం దిగరు. ఎవరైనా ఇంటికి వస్తే మంచినీళ్ల తరువాత వచ్చే మర్యాద కాఫీయే. పెళ్లిళ్లలో మగపెళ్లివారు అలిగారంటే అందుకు సగం కారణం వేళకు కాఫీ అందకపోవడమే అయి ఉంటుంది.

అదే వేళకు పాడేరు, చింతపల్లి, అనంతగిరి, అరకు కొండల మీద ఆ కాఫీని పండించే ఇళ్లలో పొయ్యి మీద ఉడికేది చోడి అంబలి. పండించిన గింజ అంతా సంతకో, సంస్థకో, షావుకారుకో అమ్ముడుపోతుంది. తన తోటలోని కాఫీ రుచి ఎలా ఉంటుందో తెలియకుండానే ఏళ్ల తరబడి పండించిన రైతులు కొండ మీద ఎందరో ఉన్నారు. ఇప్పుడిప్పుడే ఈ పరిస్థితి మారుతోంది. కొండ దిగువన ఉన్నవారి సంగతి ఇందుకు భిన్నంగా ఏమీ లేదు. తాము రోజూ తాగే పొడిలో కాఫీ ఎంత, చికోరీ ఎంత అన్నది వారికీ తెలియదు.

కొండ మీద కాఫీ కథ

కాఫీ మన దేశపు పంట కాదు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు మక్కా యాత్ర నుంచి తిరిగి వస్తూ యెమెన్ దేశం నుంచి ఏడు గింజలు తెచ్చి, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఆయన పేరుతోనే ఆ కొండలను నేటికీ పిలుస్తున్నారు. మన ఏజెన్సీ కొండలకు కాఫీ మొక్క తెల్లదొరల కాలంలో వచ్చింది. స్వాతంత్య్రం వచ్చిన తరువాత అటవీ శాఖ తోటలు పెంచింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, ఆ తరువాత పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు కలిసి గిరిజన రైతుల చేత సొంత తోటలు వేయించాయి. కొండను నరికి, కాల్చి చేసే పోడు వ్యవసాయానికి బదులుగా చెట్టును నిలబెట్టి చేసే ఈ పంటను వారికి అలవాటు చేశారు.

కాఫీ మొక్కకు నీడ కావాలి. అందుకు సిల్వర్ ఓక్ చెట్లను పెంచి, వాటి మీదికి మిరియాల తీగను పాకించారు. దాంతో ఒకే జాగాలో కలప, మిరియం, కాఫీ మూడూ దక్కుతున్నాయి. సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున నీడపట్టున నిదానంగా పండే ఈ అరబికా గింజకు వాసన ఎక్కువ. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు లభించింది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇప్పుడు కాఫీయే పెద్ద పేరు.

గ్లాసు వెనుక గుప్పెడు పండ్లు

వేసవి తొలకరి జల్లులకు కాఫీ మొక్క మల్లెల్లాగా తెల్లగా పూస్తుంది. కాయ పండి ఎర్రబడేసరికి కార్తీక మార్గశిర మాసాలు వస్తాయి. అప్పుడైనా అన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద పండు, దోర, పచ్చి మూడూ ఉంటాయి. పండినవాటిని మాత్రమే చేత్తో ఏరి కోయాలి. మళ్లీ పది పదిహేను రోజులకు అదే కొమ్మ దగ్గరకు రావాలి.

ఐదారు కిలోల పండ్లు కోస్తే గాని కిలో గింజ రాదు. వేయిస్తే అందులోనూ ఆరో వంతు వరకు తరుగు పోతుంది. ఒక గ్లాసు కాఫీకి పది గ్రాముల పొడి అనుకుంటే, ఆ గ్లాసు కోసం కొండ మీద ఒక ఆడకూతురు గుప్పెడు పండ్లు ఒక్కొక్కటిగా ఏరి కోసిందన్నమాట.

ఇంత కష్టపడినా గింజకు ధర పలకాలంటే మరికొన్ని జాగ్రత్తలు తప్పవు. మన్యంలో పసుపు, మిరియం, కాఫీ ఒకే ఇంట్లో ఉంటాయి. కాఫీ గింజ పక్కనున్న వస్తువు వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. పసుపు మోసిన గోనెలో కాఫీ పోస్తే పసుపు వాసన, మట్టి నేల మీద ఎండబెడితే మట్టి వాసన వస్తుంది. పచ్చి కాయలు కలిస్తే కాఫీ వగరుగా ఉంటుంది. ఈ తేడాలు కంటికి కనిపించేవి కావు. నాలుక మీద పడినప్పుడే తెలుస్తాయి. తన కాఫీని తాను ఒక్కసారి తాగి చూసిన రైతుకు పచ్చికాయ ఎందుకు కోయకూడదో వేరొకరు చెప్పనక్కర లేదు.

ఇందుకు పెద్ద ఏర్పాట్లేమీ అవసరం లేదు. బాగా ఎండిన పండ్లను ఒక సోలెడు తీసుకుని రోట్లో మెల్లగా దంచితే పొట్టు విడుతుంది. చేటతో చెరిగి, మట్టి మూకుడులో సన్నని సెగ మీద ఆపకుండా కలియబెడుతూ వేయించాలి. గింజ పచ్చదనం పోయి పసుపు రంగుకు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. చిటపటమని శబ్దం వచ్చిన తరువాత కొద్దిసేపటికి దించి చేటలో ఆరబోయాలి. ఒక రోజు ఆగి దంచుకుంటే వాసన బాగా పడుతుంది.

పొడిలో ఏముంది?

పూర్వం కలిగిన ఇళ్లలో కాఫీ గింజలనే కొనేవారు. వారానికి సరిపడా వేయించి, బల్లకు బిగించిన చేతిమరలో ఆడుకునేవారు. ఆ ఇంట్లో కాఫీ వేయిస్తున్నారంటే వీధి చివరి వరకు తెలిసిపోయేది. ఇప్పుడు ఆ మరలు అటకలెక్కాయి. పొట్లాల్లో పొడి వచ్చింది. పొట్లంతో పాటు చికోరీ వచ్చింది.

చికోరీ అనేది ఒక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో దీన్ని పండిస్తారు. వేరును ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. ఇది కలిస్తే డికాక్షన్ చిక్కగా, నల్లగా దిగుతుంది. చేదు పెరుగుతుంది. దీనిలో కాఫీలో ఉండే కెఫీన్ ఉండదు. కొందరు ఆ చిక్కదనం కోసమే కోరి కలుపుకుంటారు. అందులో తప్పేమీ లేదు. వచ్చిన చిక్కల్లా తెలియకుండా కొనడమే. చికోరీ కాఫీ కన్నా చవక. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఏది ఎంత శాతమో పొట్లం మీద ముద్రించాలని నిబంధన ఉంది. అంటే పొట్లంలో సగానికి కొంచెం తక్కువగా చికోరీ ఉన్నా చట్టప్రకారం అది తప్పు కాదు. కాబట్టి పొట్లం ముందువైపు బొమ్మను చూసి మురిసిపోకుండా, వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదివి కొనడం మేలు. చదువు రానివారు బడికి వెళ్లే పిల్లల చేత చదివించుకోవచ్చు.

విడిగా అమ్మే పొడిపై అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. గ్లాసెడు చల్లని నీళ్ల మీద చిటికెడు పొడి చల్లాలి. కాఫీ పొడి పైన తేలుతుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే గోధుమ రంగు చారలు వదులుతూ అడుగుకు దిగుతుంది.

ఎవరి చేతి కాఫీ వారిది

కాఫీ కాచే తీరు ఇంటికొకటిగా ఉంటుంది. వాటిలో రెండు పద్ధతులు ముఖ్యమైనవి.

మొదటిది ఫిల్టరు. పై గిన్నెలో ముగ్గురికి మూడు నాలుగు చెంచాల పొడి వేసి, చేత్తో అదమకుండా పైన చిల్లుల బిళ్ల ఉంచాలి. నీళ్లను బాగా మరిగించి దించి, ఒక్క క్షణం ఆగి పోయాలి. ముందు కొద్దిగా పోసి పొడిని తడవనిచ్చి, ఆ తరువాత మిగిలినవి పోస్తే డికాక్షన్ చిక్కగా దిగుతుంది. మూత పెట్టి పావుగంటో, అరగంటో కదపకుండా వదిలేయాలి. పొడి మరీ మెత్తగా ఉంటే చుక్క దిగదు. మరీ బరకగా ఉంటే నీళ్లలా కారిపోతుంది. చిల్లులు పూడుకుపోతే ఇత్తడి, స్టీలు ఫిల్టర్ల పై గిన్నెను ఖాళీ చేసి కాసేపు మంట మీద పట్టుకుంటే అందులో పేరుకున్నది కాలిపోయి దారి విడుతుంది. డికాక్షన్‌ను తిరిగి మరిగించకూడదు. మరిగిస్తే వాసన పోయి చేదు మిగులుతుంది. వేడివేడి పాలలో డికాక్షన్ కలిపి, రెండు మూడుసార్లు ఎత్తి తిరగబోస్తే నురగ వస్తుంది.

రెండవది గుడ్డ కాఫీ. ఫిల్టరు లేని ఇళ్లలో ఇదే వాడుక. మరిగిన నీళ్లు దించి, పొడి వేసి, ఒకసారి కలిపి మూత పెడతారు. ఐదు నిమిషాల తరువాత నాలుగు చుక్కల చన్నీళ్లు చిలకరిస్తే పొడి అడుగుకు దిగుతుంది. తేటను పలుచని గుడ్డలో వడగడతారు. పంచదారకు బదులు బెల్లం వేసుకునే ఇళ్లలో పాలు విరగకుండా దించిన తరువాతే బెల్లం కలపాలన్నది ఆడవారికి తెలిసిన కిటుకే. ఆ గుడ్డను సబ్బుతో ఉతికితే కాఫీకి సబ్బు వాసన పడుతుంది. వేడినీళ్లతో జాడించి ఎండలో ఆరవేస్తే చాలు.

ఈ రెండూ కాక ఇన్‌స్టంట్ పొడి వచ్చింది. ఇది కాఫీని పెద్ద యెత్తున కాచి, నీటిని ఇగిర్చి చేసిన పొడి. పాలలో కలిపితే సరిపోతుంది. పని తొందరగా తెములుతుంది కనుక బస్టాండు దుకాణాల్లోనూ, ఇళ్లలోనూ దీని వాడకం పెరిగింది. అయితే ఫిల్టరు కాఫీకి అలవాటు పడిన నాలుక దీనితో రాజీపడదు.

కాఫీకి సంబంధించి ఇళ్లలో మరొక ఆచారం ఉంది. మొదటి డికాక్షన్ మామగారికి, ఇంటికి వచ్చినవారికి. అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి తీసిన రెండో డికాక్షన్ కోడలికి, పనిమనిషికి. ఇంటిల్లిపాదికీ కాఫీ కలిపే మనిషి తాను మాత్రం పలుచని కాఫీ తాగడం తరతరాలుగా సాగింది. చెంచాడు పొడి ఎక్కువ వేస్తే తీరిపోయే సమస్య ఇది. ఈ సంగతి గుర్తించిన ఇళ్లు ఇప్పుడు పెరుగుతున్నాయి.

మితం తప్పితే...

కాఫీ చురుకు పుట్టించే మాట నిజమే. కానీ అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న ఆడవారు భోజనానికి, కాఫీకి మధ్య కనీసం గంట వ్యవధి ఉంచుకోవాలి. గర్భిణులు బాగా తగ్గించుకోవడం మంచిది. సాయంత్రం పొద్దుపోయాక తాగితే రాత్రి నిద్ర పట్టదు.

కొండకు కొత్త బెడద

2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయ తొలిచే పురుగు కనిపించింది. ఆవగింజంత కూడా లేని ఈ నల్ల పురుగు పండుకు చిల్లు చేసి లోపల గింజను తింటుంది. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి ప్రాంతంలో బయటపడింది. రాలిన పండ్లను, కొమ్మల మీద మిగిలిన పండ్లను ఒక్కటి కూడా వదలకుండా ఏరడం, పురుగు పట్టినవాటిని రెండు మూడు నిమిషాలు మరిగే నీళ్లలో ముంచి పురుగును చంపడం, తోటకు తోటకు మధ్య గోనెలు మార్చుకోకపోవడం రైతులు పాటించవలసిన జాగ్రత్తలు. తన తోటను ఒక రైతు శుభ్రం చేసుకున్నంత మాత్రాన చాలదు. పక్క తోటవాడూ చేయాలి. ఊరంతా కలిసి పూనుకుంటేనే ఫలితం ఉంటుంది.

దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం విదేశాలకు వెళ్తోంది. అక్కడి ధర పెరిగితే కొండ మీద పండగ, తగ్గితే పస్తు. పక్కనే ఉన్న మన ఊళ్లు కూడా కాఫీ పేరు అడిగి, శాతం చదివి, మన కొండ గింజను కొనే అలవాటు చేసుకుంటే ఆ రైతుకు ఇంటి దగ్గరే ఒక అంగడి దొరికినట్లవుతుంది. కొన్నవారికి పెట్టిన డబ్బుకు కాఫీయే దక్కుతుంది. ఈ కార్తీకానికి కొండ మీద మళ్లీ పండు ఎర్రబడుతుంది. అందులో ఒక సోలెడు పండించిన ఇంట్లోనే మూకుడెక్కితే, చోడి అంబలి పక్కన కాఫీ గ్లాసుకూ చోటు దొరుకుతుంది.