క్రిస్మస్ సెలవులలో భద్రాద్రి యాత్ర

ప్రతి వర్షాకాలమునందును మా వార్తలలో ఒక వాక్యము వినిపించును: “భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము ఇన్ని అడుగులు.” 43 అడుగులకు మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. చదివెడి మేమును, వినెడి శ్రోతలును ఆ అంకెలకు అలవాటుపడిపోయితిమి. వాని వెనుకనున్న గుడిని, గట్టును, గ్రామములను కన్నులార చూడవలెనన్నచో క్రిస్మస్ సెలవులకు మించిన అదను లేదు. అప్పటికి వరదలు తీసి నది అణగియుండును. ఎండ బాధింపదు.

హైదరాబాదు వైపునుండి రైలులో వచ్చువారు ‘భద్రాచలం రోడ్డు’ అను స్టేషనులో దిగుదురు. పేరు చూచి గుడి చెంతనే యున్నదని భ్రమపడరాదు. ఆ స్టేషను కొత్తగూడెములో ఉన్నది. అక్కడినుండి సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోవలెను. ఖమ్మమునుండి రోడ్డుమార్గమున సుమారు 120 కిలోమీటర్లు. సారపాక దాటగానే గోదావరి ఎదురగును. 1965లో వంతెన ఏర్పడక పూర్వము యాత్రికులు పడవ ఎక్కి ఆవలిగట్టు చేరెడివారు.

ఆలయగాథ తెలుగువారికి క్రొత్త కాదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారై, శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, గోలకొండ కోటలో ఖైదయ్యెను. ఆ చెర పన్నెండేండ్లు సాగెననియు, రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చిరనియు జనశ్రుతి. తానీషా పాలన 1672లో మొదలై, 1687లో గోలకొండ మొగలుల వశమగుటతో ముగిసెను. శ్రీరామనవమికి ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపెడి ఆచారమునకు ఆయనయే ఆద్యుడని చెప్పుదురు. ముక్కోటి ఏకాదశి తరచుగా ఈ సెలవుల సమీపముననే వచ్చును. ముందునాటి సాయంకాలము గోదావరిలో హంసవాహనముపై తెప్పోత్సవము, మరునాటి వేకువను ఉత్తరద్వారదర్శనము జరుగును.

దర్శనము కాగానే తిరుగుముఖము పట్టక, స్నానఘట్టము వరకు దిగిపొండు. డిసెంబరులో నీరు ఎంతో దిగువన, ఇసుకతిన్నెల నడుమ మెల్లగా కదలుచుండును. వార్తలలోని అడుగులు నది లోతు కావు. గట్టున నిలిపిన కొలతపలక మీది లెక్క. 2022 జూలైలో నీరు ఆ లెక్కన 71.3 అడుగులకు చేరెను. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. అనగా మూడవ హెచ్చరికకు పైన మరి 22 అడుగులు, రెండంతస్తుల మేడ యెత్తు. మెట్లమీద నిలిచి తల యెత్తి చూచినగాని ఈ మాట మనసున పట్టదు. స్వామి గుట్టమీద వెలయుటకు భక్తులు చెప్పు కారణము వేరు. ఏటిగట్టున కాపురమున్నవారికి మాత్రము యెత్తు విలువ వేరుగా తెలియును.

గట్టువెంట ఎగువకు పోయినచో దుమ్ముగూడెము. పందొమ్మిదవ శతాబ్దిలో సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని పడవల రహదారి చేయవలెనని తలపెట్టెను. రాళ్లు అడ్డుపడు మూడు తావులలో ఇది మొదటిది. ఇక్కడ ఆనకట్టయు, కాలువయు, లాకులును కట్టిరి. కాని 1871లో ఆ పథకమును విడిచిపెట్టిరి. ఆ పనులు నడపిన ఇంజనీరు హేగ్ పూనికతో కోయల నడుమ క్రైస్తవ మిషను ఒకటి మొదలయ్యెను. దానికి చెందిన జాన్ కెయిన్ కోయల భాషను, ఆచారములను గూర్చి వ్యాసములు వ్రాసెను. కావున ఈ అడవిపల్లెలలో క్రిస్మస్ పండుగ నిన్నమొన్నటిది కాదు, నూరేండ్లు దాటినది. అదే మండలములో, భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల కలదు. సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని అక్కడి రాళ్లను చూపుదురు.

ఇక దిగువకు పోయినచో కూనవరము. శబరి గోదావరిలో కలియు చోటు. పోలవరము ప్రాజెక్టు కారణముగా 2014లో ఈ మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. భద్రాచలము పట్టణము తెలంగాణములో మిగిలెను. జలాశయపు పూర్తి మట్టము 150 అడుగులు. ఇది సముద్రమట్టమునుండి చేసిన లెక్క. అది నిండిననాడు కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లు పెక్కు మునుగును. వారికి ముంపు క్రొత్త కాదు. వరద తీయగానే బురద ఎత్తిపోసి, ఇల్లు అలికి, మరల పొయ్యి వెలిగించుట తరతరాల అలవాటు. జలాశయపు నీరు అట్లు తీయునది కాదు. చూడదలచినవారు ఈ ఊళ్లను ఇప్పుడే చూడవలెను.

పోయినవారు ముంగిట నిలిచి ఫొటోలకు తొందరపడక, కొంతసేపు మాట కలిపి కూర్చుండుట మంచిది. “ఆ ఏడు నీరెంతవరకు వచ్చినదవ్వా?” అని మేమొక వృద్ధురాలిని అడిగితిమి. ఆమె బదులు పలుకక, లేచి, తన తలకు పైగా గోడమీద అరచేయి ఆనించి చూపినది. రాబోవు శ్రావణములో వార్తలు చదువునప్పుడు మాకు అంకెతోపాటు ఆ చేయియు కనిపించును. మీరును ఒకసారి పోయి వత్తురేని, మీ రేడియోలోను అది అట్లే వినిపించును.