బత్తాయి వద్దు బాబోయ్, మామిడి ముక్క చాలు!

1990లో వచ్చిన ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ సినిమా గుర్తుందా? నాలుగు తాబేళ్ళు, కత్తులూ కర్రలూ, ఫైటింగుల మధ్య పిజ్జాలు! తాబేలుకి కూడా అభిమాన సంఘాలుంటాయని రుజువు చేసిన సినిమా అది. ఆ మోజులో బ్రిటన్‌లో ఎంతోమంది బుల్లి తాబేళ్ళు కొనుక్కున్నారు. అవి పళ్ళెమంత పెరిగేసరికి మోజు తీరి, చెరువుల్లో వదిలేసినవాళ్ళూ ఉన్నారు. తెర మీద హీరో, ఇంట్లో అనాథ!

సరే, పిజ్జా మాట వదిలేద్దాం. మరి పండ్లో? ఈ ప్రశ్న నాకు మా నల్గొండ నుంచే వచ్చింది. మా పెద్దమ్మగారి మనవరాలు అమెరికాలో, నార్త్ కరోలినాలో ఉంటుంది. ఆ పిల్ల ఒక బాక్స్ తాబేలును పెంచుతోంది. ఆ రాష్ట్రం 1979లో దీన్ని తన అధికార సరీసృపంగా ప్రకటించుకుంది. పొట్ట వైపు చిప్పకి మడతబందు ఉంటుంది. భయమేస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని, పెట్టె మూత వేసినట్టు మూసేసుకుంటుంది. అందుకే ఆ పేరు.

మా పెద్దమ్మ ఫోన్‌లో దాన్ని చూసి, “పాపం, వానపాములేం తింటది బిడ్డా? ఇన్ని పండ్లు పెట్టు, బత్తాయి తొనలు పెట్టు” అంది. మనవరాలు పెట్టింది. తాబేలుగారు స్ట్రాబెర్రీలు మరిగి, ఆకులూ పురుగులూ మానేశారు. కొన్ని నెలలకి కళ్ళు ఉబ్బి మూతలు పడ్డాయి. కళ్ళు కనబడక తిండీ మానేసింది. పశువుల డాక్టర్ దగ్గరికి పరుగెడితే, విటమిన్ ‘ఏ’ లోపమని తేలింది. వైద్యంతో కోలుకుంది లెండి.

అప్పట్నుంచి మా పెద్దమ్మ నన్ను వదల్లేదు. “సినిమావాళ్ళ సంగతులన్నీ రాస్తవు గదా, ఇది కనుక్కో!” అంది. కనుక్కున్నాను.

అడవిలో బాక్స్ తాబేలు వానపాములు, నత్తలు, పుట్టగొడుగులు, ఆకులు తింటుంది. రాలిన పండ్లూ తింటుంది, వాటి గింజల్ని అడవంతా చల్లుతుంది కూడా. కాబట్టి పండు విషమేమీ కాదు. కానీ పది ముద్దల్లో ఒక్కటే పండు కావాలి, అదీ పెద్ద తాబేలుకి. పిల్ల తాబేలుకి పురుగులే ముఖ్యం. పండులో తీపి ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియమూ ఎండా చాలకపోతే చిప్పే మెత్తబడుతుంది. చిప్ప మెత్తబడ్డ తాబేలు ఇంకేం తాబేలండీ!

ఏ పండు పెట్టాలంటారా? కొల్లాపూర్ మామిడి భేష్! తొక్క తీసి, బొటనవేలి గోరంత ముక్కలు కోసి, వానపాములతోనూ ఆకుకూరతోనూ కలిపేయాలి. విడిగా పెడితే పండు ఏరుకుని మిగతాది వదిలేస్తుంది, అచ్చం మన పిల్లల్లాగే! బొప్పాయి మంచిదే. అంజీర్‌లో కాల్షియం ఎక్కువ కాబట్టి ఇంకా మంచిది. అరటి ఎప్పుడో ఒకసారి. బాలానగర్ సీతాఫలం జోలికి మాత్రం పోవద్దు. ఆ గింజల్లో విషముంది, పేలు చంపడానికి నూరేవి అవే కదా! ఇక బత్తాయి మా జిల్లా పరువు, దాన్ని ఒక్క మాటన్నా నాకు కోపమొస్తుంది. కానీ పులుపుజాతి పండ్లు తాబేలు కడుపుకి పడవని పెంచేవాళ్ళు దూరం పెడతారు. బత్తాయి రసం మా పెద్దమ్మనే తాగమన్నాను. అవకాడో అసలే వద్దు.

పండును బాగా కడిగి పెట్టాలి. తినగా మిగిలింది చీమలు పట్టకముందే తీసేయాలి. తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తాబేళ్ళ వల్ల పిల్లలకి సాల్మొనెల్లా సోకుతోందనే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు.

ఇది చదివి ఉత్సాహంగా ఊరి చెరువు మీద పడకండి బ్రదర్! మన చెరువు తాబేలునీ, నక్షత్ర తాబేలునీ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ బాక్స్ తాబేలైనా 2024 నిబంధనల ప్రకారం నమోదు చేయించాల్సిందే.

తాబేలుకి స్వయంగా మేత పెట్టాలనే సరదా ఉంటే శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం వెళ్ళండి. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళున్నాయి. అవి గడ్డీ గాదం తినే శాకాహారులు. తీపి పండ్లు వాటి కడుపులో పులిసిపోతాయి. అరటిపండ్ల గెల ఇంట్లోనే ఉంచి, గుడివాళ్ళనడిగి ఒక ఆకుకూర కట్ట పట్టుకెళ్ళండి.